పాడే మెత్తటి బొమ్మ: పసిబిడ్డ నిద్రకు అది చేసే మేలు ఎంత, దాన్ని ఉంచాల్సిన చోటు ఏది?

పెట్టె మీద ‘పుట్టినప్పటి నుంచి’ అని రాసి ఉంటుంది. లోపల మెత్తటి గొర్రెపిల్ల, దాని పొట్టలో అరచేతిలో ఇమిడే స్పీకరు. బొత్తాం నొక్కితే గుండె చప్పుడు, వాన హోరు, జోలపాట వినిపిస్తాయి. పిల్లల డాక్టరు దగ్గరికి వెళితే మాత్రం ఏడాది నిండేదాకా బిడ్డ పడుకునే చోట దిండు, బొమ్మ, బొంత ఏవీ ఉంచవద్దంటారు. నిద్ర కోసమే తయారైన వస్తువును నిద్రపోయే చోటికి రానివ్వకూడదంటే ఏ తల్లికైనా తండ్రికైనా తికమకగానే ఉంటుంది. బారసాలకు ఇలాంటి బొమ్మ బహుమతిగా వచ్చిందంటే ఆ ఇంట్లో అమ్మమ్మ ఒక మాట, డాక్టరు ఒక మాట, తెచ్చిన బంధువులు ఇంకో మాట చెబుతారు.

వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అందరూ ఒకే బొమ్మ గురించి మాట్లాడుతున్నా, అందులోని వేర్వేరు అంశాల గురించి మాట్లాడుతున్నారు. ఆ అంశాలను విడదీసి చూడటానికే ఈ వ్యాసం.

ఒకే తొడుగులో కుట్టేసిన మూడు వస్తువులు

మొదటిది శబ్దం. రెండోది మెత్తటి ఒళ్లు. మూడోది తోడు, అంటే బిడ్డ గుర్తుపట్టి, పట్టుకుని, అది పక్కన ఉంటేనే నిద్రపోతానని మారాం చేసే వస్తువు.

ఈ మూడింటికీ వయసులు వేరు. శబ్దం బాగా పనిచేసేది తొలి మూడు నాలుగు నెలల్లో. మెత్తటి ఒళ్లు అన్నిటికంటే ప్రమాదకరంగా ఉండేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. తోడు కావాలన్న కోరిక ఆరు నెలలు దాటాక మెల్లగా మొదలై, ఏడాది తర్వాత బలపడుతుంది. శబ్దం అవసరమైనప్పుడు మెత్తదనం ముప్పు. మెత్తదనం నిరపాయమయ్యే సమయానికి శబ్దం అవసరం చాలావరకు తీరిపోతుంది. ‘ఈ బొమ్మ మంచిదా, చెడ్డదా’ అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరకకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

బజారులో దొరికే రకాలు కూడా ఈ మూడింటిలో ఏదో ఒకదాని మీద ఎక్కువ ఆధారపడతాయి. బ్రిటన్‌కు చెందిన ‘ఇవాన్ ద డ్రీమ్ షీప్’ గుండె చప్పుడుతో పాటు గర్భంలో వినిపించే హోరు లాంటి శబ్దం వినిపిస్తూ గులాబీ రంగు వెలుగు ఇస్తుంది. ఫిషర్‌ప్రైస్ కంపెనీ ఆటర్ (నీటికుక్క) బొమ్మ పొట్ట ఊపిరి తీసినట్లు పైకీ కిందికీ కదులుతుంది. పోలండ్‌లో పుట్టిన ‘విస్‌బేర్’ బిడ్డ ఏడిస్తే పసిగట్టి దానంతట అదే మళ్లీ మోగుతుంది. ఐస్‌లాండ్‌లో రూపొందిన ‘లుల్లా’ బొమ్మ, నిజమైన మనిషి ఊపిరినీ గుండె చప్పుడునూ రికార్డు చేసి గంటల తరబడి వినిపిస్తుంది. ఇవేవీ లేని పాత పద్ధతి బొమ్మలూ ఉన్నాయి: తాడు లాగితే లోపలి స్ప్రింగు తిరిగి, ఒకే రాగం మోగి, రెండు మూడు నిమిషాల్లో నెమ్మదించి ఆగిపోతుంది.

‘పుట్టినప్పటి నుంచి’ అన్న ముద్ర దేని గురించి?

బొమ్మల మీద వయసు వేయడానికి ప్రమాణాలు ఉన్నాయి. ఊడివచ్చే చిన్న ముక్కలు ఉన్నాయా, కుట్లు విడిపోతాయా, రంగుల్లో సీసం లాంటి లోహాలు ఉన్నాయా, గుడ్డ త్వరగా అంటుకుంటుందా అన్నవి అందులో చూస్తారు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. భౌతిక భద్రత, మంటలు, రసాయనాల పరీక్షలు ఐఎస్ 9873 ప్రమాణంలోని భాగాల్లో ఉంటాయి. బ్యాటరీతో నడిచేవాటికి అదనంగా ఐఎస్ 15644 వర్తిస్తుంది.

ఈ పరీక్షలన్నీ బొమ్మను బొమ్మగా చూసి చేసేవి. బిడ్డ మెలకువగా ఉండి, పెద్దవాళ్లు పక్కన ఉండి, నోట్లో పెట్టుకుని, లాగి, విసిరి ఆడుకునేటప్పుడు అది నిరపాయమా అన్నదే అక్కడి ప్రశ్న. చీకటి గదిలో, ఎవరూ చూడని గంటల్లో, మూడు నెలల బిడ్డ ముఖానికి ఆనుకుని ఉంటే నిరపాయమా అన్నది వేరే ప్రశ్న. పెట్టె మీది వయసు దానికి జవాబు కాదు. ‘బిడ్డ నిద్రపోయాక పక్క మీద నుంచి తీసేయండి’ అన్న హెచ్చరిక ఇలాంటి బొమ్మల లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో కనిపిస్తుంటుంది. పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన వాక్యం అది.

శబ్దం వింటే పసిబిడ్డకు నిద్ర ఎందుకు వస్తుంది?

గర్భంలో బిడ్డకు ఆరో నెల ప్రాంతంలో వినికిడి మొదలవుతుంది. అక్కడ నిశ్శబ్దం ఉండదు. తల్లి రక్తనాళాల్లో ప్రవాహం, గుండె, పేగుల కదలిక, ఆమె గొంతు, అన్నీ కలిసి ఆగని హోరు. సన్నని శబ్దాలు అడ్డుపడి, బొంగురు శబ్దాలే ఎక్కువగా లోపలికి చేరతాయి. పుట్టిన బిడ్డ తల్లి గొంతును గుర్తుపట్టి దానికే మొగ్గుచూపుతుందని పరిశోధకులు ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ 1980లో చూపించారు. అంటే పుట్టేనాటికే కొన్ని శబ్దాలు బిడ్డకు పరిచయం.

ఆగకుండా ఒకే తీరుగా వినిపించే హోరును వైట్ నాయిస్ అంటారు. ఫ్యాను, కూలరు, ట్యూన్ చేయని రేడియో దానికి దగ్గరగా ఉంటాయి. దాని ప్రభావాన్ని సూటిగా చూసిన పరిశోధన ఒకటి 1990లో లండన్ నుంచి వచ్చింది. పుట్టి రెండు నుంచి ఏడు రోజులైన 40 మంది శిశువులను రెండు జట్లు చేశారు. వైట్ నాయిస్ విన్న 20 మందిలో 16 మంది ఐదు నిమిషాల్లో నిద్రపోయారు. వినని 20 మందిలో అలా నిద్రపోయినవాళ్లు ఐదుగురే. చిన్న పరిశోధనే అయినా తేడా పెద్దది. అయితే అది కొలిచింది నిద్రలోకి జారడాన్ని మాత్రమే. రాత్రంతా పడుకుంటారా, నెలల తరబడి వింటే ఏమవుతుంది అన్నవి అందులో లేవు. అమ్మకాల ప్రకటనలు ఆ పరిధి దాటి మాట్లాడతాయి.

హోరుకు ఇంకో మామూలు పని కూడా ఉంది. తలుపు చప్పుడు, కుక్కరు కూత, వీధిలో హారను లాంటి హఠాత్ శబ్దాలను అది కప్పేస్తుంది. ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు తిరిగే సీలింగు ఫ్యాను ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది. ఫ్యాను తిరుగుతున్న గదిలో ఇంకో హోరు పెట్టడం వల్ల ఎంత అదనపు ప్రయోజనం ఉంటుందో కొనేముందు ఆలోచించదగ్గ విషయం.

గుండె చప్పుడుకు ప్రత్యేక శక్తి ఉందా?

ఈ బొమ్మల పెట్టెల మీద తరచుగా కనిపించే మాట గుండె చప్పుడు. దాని వెనుక ఒక చరిత్ర ఉంది. 1960 ప్రాంతంలో అమెరికా మనస్తత్వవేత్త లీ సాల్క్, న్యూయార్కులోని ఒక ఆసుపత్రి శిశువుల గదిలో నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె చప్పుడును నిరంతరం వినిపించారు. ఆ శిశువులు తక్కువ ఏడ్చారనీ, బరువు బాగా పెరిగారనీ రాశారు. గర్భంలో విన్న లయ బిడ్డ మనసులో ముద్రపడి ఉంటుందని ఆయన వాదన.

ఆలోచన ఎంతో ఆకర్షణీయమైనది. కానీ 1966లో మనస్తత్వవేత్త ఇవాన్ బ్రాక్‌బిల్ బృందం అదే ప్రశ్నను మరింత జాగ్రత్తగా పరీక్షించింది. గుండె చప్పుడు, మెట్రోనోమ్ (తాళం లెక్కకట్టే యంత్రం) టిక్కుటిక్కు, పరాయి భాషలో జోలపాట, ఏ శబ్దమూ లేకపోవడం, ఈ నాలుగింటినీ పోల్చారు. ఏదో ఒక శబ్దం విన్న శిశువులు, ఏదీ వినని వాళ్లకంటే నెమ్మదించారు. ఆ మూడు శబ్దాల మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పనిచేసినది గుండె అన్న అర్థం కాదు, ఆగకుండా ఒకే తీరుగా సాగే శబ్దం. నిజమైన గుండె చప్పుడు రికార్డు చేసిందని ఒక బొమ్మకు రెట్టింపు ధర పెట్టేవాళ్లు ఈ ఫలితం తెలుసుకోవాలి.

జోలపాట సంగతి కొంచెం వేరు. 2020లో ప్రచురితమైన హార్వర్డ్ పరిశోధనలో 144 మంది శిశువులకు వాళ్లెప్పుడూ వినని భాషల్లోని పాటలు వినిపించారు. జోలపాటలు విన్నప్పుడు వాళ్ల గుండె వేగం, మామూలు పాటలు విన్నప్పటికంటే ఎక్కువగా తగ్గింది. మాటలు అర్థం కాకపోయినా జోలపాట నడక బిడ్డకు అందుతుందన్నమాట. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో చేసిన మరో పరిశోధనలో, ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలు పాట వింటూ ఏడుపు మొదలుపెట్టడానికి సుమారు తొమ్మిది నిమిషాలు పట్టింది. ముద్దుగా మాట్లాడే మాటలు వింటే అది నాలుగు నిమిషాల పైచిలుకు. అక్కడ వాడింది రికార్డు చేసిన గొంతే, తల్లి గొంతు కాదు. ‘యంత్రం పాడితే బిడ్డకు పట్టదు’ అని కొట్టిపారేయడానికి ఆధారం లేదు.

అలాగని మనిషి పాటకూ యంత్రం పాటకూ తేడా లేదని కాదు. ఒళ్లో పెట్టుకుని పాడే మనిషి బిడ్డ ఊపిరిని గమనిస్తూ వేగం తగ్గిస్తారు, కళ్లు మూసుకోగానే గొంతు దించుతారు. నెలలు నిండకుండా పుట్టిన 272 మంది శిశువుల మీద, 11 ఆసుపత్రుల్లో జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో తల్లిదండ్రులు ఎంచుకున్న పాటను ప్రత్యక్షంగా పాడటాన్నీ, ప్రత్యక్షంగా మోగించే వాద్యాలనూ శిశువు స్థితికి తగ్గట్టు మలిచి వాడారు. గుండె వేగం, పాలు తాగడం, నిద్ర, ఇలా పలు అంశాల్లో మెరుగు కనిపించింది. బొత్తాం నొక్కితే వచ్చే రాగానికి ఎదుట ఉన్న బిడ్డ స్థితి తెలియదు.

ఎంత పెద్ద శబ్దం, ఎంత దూరం నుంచి

ఈ విషయం మొత్తంలో అందరూ చులకనగా తీసుకునేది ఇదే. కాబట్టి లెక్కలతోనే చూద్దాం.

శబ్దం కొలత డెసిబెల్. అది మామూలు కూడికల లెక్కలో నడవదు. 60 డెసిబెల్స్ నుంచి 70కి వెళితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. 80కి వెళితే వంద రెట్లు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 ప్రాంతంలో ఉంటుంది. ఆసుపత్రుల్లో నవజాత శిశువుల గదికి సిఫారసు చేసిన సగటు పరిమితి 50 డెసిబెల్స్.

ఒక బొమ్మ 25 సెంటీమీటర్ల దూరంలో 75 డెసిబెల్స్ ఇస్తోందనుకుందాం. చిన్న స్పీకరు నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అర మీటరు దగ్గర 69, మీటరు దగ్గర 63, రెండు మీటర్ల దగ్గర 57. ఇప్పుడు వెనక్కి లెక్కిద్దాం. బొమ్మ దొర్లి బిడ్డ చెవికి 12 సెంటీమీటర్ల దగ్గరికి వస్తే సుమారు 81, ఆరు సెంటీమీటర్లకు వస్తే 87. బొత్తాం ఎవరూ తిప్పలేదు, శబ్దం పెంచలేదు. బొమ్మ కదిలిందంతే. మంచానికి రెండు మీటర్ల అవతల నిలబడి విన్న తండ్రికి అది చాలా చిన్న శబ్దమే. నిజమైన గదిలో గోడలు శబ్దాన్ని తిప్పి కొడతాయి కాబట్టి దూరంతో తగ్గడం ఈ లెక్క కంటే కొంచెం తక్కువగానే ఉంటుంది.

శిశువు చెవి గొట్టం చాలా చిన్నది. అదే శబ్దం పెద్దవాళ్ల చెవిలో కంటే అక్కడ, ముఖ్యంగా సన్నని శబ్దాల విషయంలో, ఎక్కువ ఒత్తిడి కలిగిస్తుంది.

టొరంటోలోని పిల్లల ఆసుపత్రి వైద్యులు 2014లో 14 నిద్ర యంత్రాలను గరిష్ఠ స్థాయిలో మోగించి కొలిచారు. 30 సెంటీమీటర్ల దూరంలోనూ, మీటరు దూరంలోనూ అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి. రెండు మీటర్ల దూరంలో ఒక్కటి తప్ప మిగతావన్నీ దాటాయి. 30 సెంటీమీటర్ల దగ్గర మూడు యంత్రాలు 85 డెసిబెల్స్‌ను మించాయి. కర్మాగారాల్లో పెద్దవాళ్లు ఎనిమిది గంటలు పనిచేయడానికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 85. ఆ హద్దులో ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు అనుమతించే సమయం సగమవుతుంది: 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలు. రాత్రంతా చెవి పక్కన మోగే బొమ్మను ఈ అంకెలతో పోల్చి చూస్తే వైద్యుల ఆందోళన అర్థమవుతుంది.

ఈ పరిశోధనపై ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అన్నిటినీ గరిష్ఠ స్థాయిలో కొలిచారు. ఇళ్లలో అందరూ అలా పెట్టరు. నిజమే. శబ్దం తగ్గించి దూరంగా పెడితే అవే యంత్రాలు చాలావరకు సమ్మతమైన స్థాయికి వస్తాయి. పరిశోధకులు కూడా యంత్రాలను నిషేధించమనలేదు. వీలైనంత దూరంగా, తక్కువ శబ్దంతో, తక్కువసేపు వాడాలన్నారు.

మరో చిక్కు ఏమిటంటే, బొమ్మల ప్రమాణాల్లో శబ్ద పరిమితి ఇంతకంటే సడలింపుగా ఉంది. అమెరికా బొమ్మల ప్రమాణం చెవికి ఆనించి వాడే బొమ్మలకు అర మీటరు దూరంలో 65 డెసిబెల్స్ హద్దు పెట్టింది. మిగతావాటికి అదే దూరంలో 85 వరకు అనుమతి ఉంది. ఆడుకునే కాసేపటిలో చెవి దెబ్బతినకుండా చూడటం ఆ హద్దు ఉద్దేశం. నిద్రపోతున్న నవజాత శిశువు గదికి వైద్యులు చెప్పే 50కి, దీనికి మధ్య శబ్దశక్తిలో మూడు వేల రెట్ల తేడా. ప్రమాణం పాసైన బొమ్మ కూడా పడకగదిలో మరీ గట్టిగా మోగవచ్చు.

రాత్రంతా మోగిస్తే మెదడుకు నష్టమా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో మెదడు పరిశోధకులు ఎడ్వర్డ్ చాంగ్, మైఖేల్ మెర్జెనిచ్ 2003లో ఎలుక పిల్లలను నిరంతరం హోరు వినిపించే చోట పెంచారు. వాటి మెదడులో వినికిడికి సంబంధించిన భాగం ఎదుగుదల ఆలస్యమైంది. హోరు తీసేశాక ఆ ఎదుగుదల తిరిగి సాగింది కూడా. ఈ రెండో సగాన్ని భయపెట్టే కథనాలు వదిలేస్తాయి. ఆ ఎలుకలకు నిశ్శబ్దం అన్నదే లేదు. రాత్రి ఎనిమిది గంటలు హోరు విని పగలంతా ఇంటి మాటలు వినే బిడ్డ పరిస్థితి వేరు.

అయినా ఒక విషయం తర్కానికి నిలుస్తుంది. బిడ్డ మాటలు నేర్చేది చుట్టూ వినిపించే మాటలను విడివిడిగా పోల్చుకుంటూనే. పగటి పూట, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు కూడా హోరు మోగుతూ ఉంటే ఆ మాటలు మసకబారతాయి. మరోవైపు, తల్లి నిద్రనూ ఈ లెక్కలో చేర్చాలి. వారాల తరబడి నిద్రలేకపోవడం బాలింతల మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుంది. గదికి అవతలి మూల నుంచి మెల్లగా వినిపించే శబ్దం ఆమెకు రెండు గంటల నిద్ర ఇస్తే అదీ బిడ్డకు మేలే.

మెత్తదనంతో ఉన్న అసలు ముప్పు

వెల్లకిలా పడుకున్న మూడు నెలల బిడ్డ పక్కకు తిరిగి మెత్తటి బొమ్మలో ముఖం ఆనించిందనుకుందాం. వదిలిన గాలి ఆ ఊలులో చిక్కుకుంటుంది. తర్వాతి ఊపిరిలో అదే గాలి మళ్లీ లోపలికి పోతుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి ఆమ్లజని తగ్గుతుంది. చాలామంది పిల్లలు ఈ దశలో మేలుకుని తల తిప్పుకుంటారు. కొందరిలో మేలుకునే ఆ స్పందన బలహీనంగా ఉంటుంది. ఎవరిలో అలా ఉందో ముందుగా తెలుసుకునే మార్గం లేదు. మెడ మీద పట్టు పూర్తిగా రాని నెలల్లో తల తిప్పుకోవడమూ కష్టమే. నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశు మరణాలు రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువ. సుమారు 90 శాతం ఆరు నెలల లోపే జరుగుతాయి.

అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో సవరించిన సిఫారసుల్లోనూ వెల్లకిలా పడుకోబెట్టడం, గట్టిగా చదునుగా ఉన్న పక్క, పక్క మీద మెత్తటి వస్తువులేవీ లేకపోవడం అన్నవి అలాగే ఉన్నాయి. బ్రిటన్‌లోనూ ఇదే మాట చెబుతారు. అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో మొదలైన దేశవ్యాప్త ప్రచారం తర్వాత ఈ హఠాత్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అమెరికాలో తెలుగు దంపతులకు కాన్పు సాయానికి వెళ్లిన అమ్మమ్మలు, నాయనమ్మలు తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు తీసుకెళితే, అక్కడి నర్సులు దాన్ని వద్దనేదీ ఇందుకే. తల ఆకారం కోసం వాడే దిండ్లను వాడవద్దని అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022 నవంబరులో ప్రత్యేకంగా హెచ్చరించింది.

‘మేమంతా దిండ్ల మధ్యే పెరిగాం, ఎవరికీ ఏమీ కాలేదు’ అన్న పెద్దవాళ్ల మాట దగ్గర ఆగాలి. ఆ మాట వాళ్ల అనుభవంలో నిజం. అమెరికాలో ఏటా సుమారు 36 లక్షల మంది పుడితే, నిద్రకు సంబంధించిన శిశు మరణాలు అన్ని రకాలూ కలిపి 3,500 వరకు ఉంటాయి. అంటే వెయ్యి మందిలో సుమారు ఒకరు. ఒక అమ్మమ్మ తన జీవితంలో దగ్గరగా చూసే పసిబిడ్డలు యాభై మందో, వంద మందో. వెయ్యికి ఒకటిగా జరిగేది ఆమె కంటపడకపోవడమే ఎక్కువగా జరుగుతుంది. అదే ఒక్కో ఇంటికి కాకుండా లక్షల ఇళ్లకు లెక్కిస్తే వేల మంది పిల్లలు. ఆమె అనుభవాన్ని తప్పుపట్టకుండానే డాక్టరు మాటను నమ్మడానికి ఈ లెక్క చాలు.

తల్లి పక్కనే పడుకునే ఇళ్లలో ఏమవుతుంది?

అమెరికా సిఫారసు ప్రకారం బిడ్డ అదే గదిలో, వేరే పక్క మీద పడుకోవాలి. తెలుగు ఇళ్లలో ఎక్కువగా బిడ్డ తల్లి పక్కలోనే పడుకుంటుంది, లేదా చీర ఉయ్యాలలో. ఒకే పక్క మీద పడుకోవడంపై వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. తల్లిపాలపై పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంస్థ 2020లో ప్రచురించిన మార్గదర్శకాల్లో, పొగతాగడం, మద్యం, సోఫా మీద నిద్ర లాంటి ముప్పులు లేనప్పుడు పాలిచ్చే తల్లి పక్కన బిడ్డ పడుకోవడాన్ని తప్పుపట్టలేదు. పిల్లల వైద్యుల సంఘం మాత్రం వద్దనే అంటుంది. ఈ వాదం ఇప్పట్లో తేలేది కాదు.

అయితే బొమ్మ విషయంలో ఈ రెండు పక్షాలకూ తేడా లేదు. పక్క ఎవరిదైనా మెత్తటి వస్తువు బిడ్డ ముఖం దగ్గర ఉండకూడదన్నది ఇద్దరూ ఒప్పుకునేదే. చీర ఉయ్యాలలో ఇది ఇంకా ముఖ్యం. గుడ్డ మధ్యలో కుంగి ఉంటుంది కాబట్టి లోపల ఎక్కడ పెట్టిన వస్తువైనా బిడ్డ వైపే జారుతుంది. తాడుతో పైన వేలాడదీస్తే ఇంకో ముప్పు: బిడ్డ చేతులూ మోకాళ్లూ ఆనించి లేవడం మొదలుపెట్టేసరికి, అంటే ఐదో నెల ప్రాంతానికి, వేలాడే బొమ్మలు, తాళ్లు అందకుండా తీసేయాలని తొట్టి బొమ్మల మీద హెచ్చరిక ఉంటుంది.

కాబట్టి తొలి ఏడాదిలో బొమ్మ ఉండగలిగిన చోటు గదిలోనే, కానీ పక్కకు దూరంగా: అలమార మీదో, కిటికీ గట్టు మీదో. అక్కడ ఉన్న బొమ్మ స్పీకరుగానే పనిచేస్తుంది. ఆ పనికి బొమ్మే అవసరమా అన్న ప్రశ్న వస్తుంది. అవసరం లేదు, ఏ చిన్న స్పీకరైనా సరిపోతుంది.

20 నిమిషాల టైమరు, 50 నిమిషాల నిద్ర

బొమ్మ రెండు రాత్రులు బాగా పనిచేసి, తర్వాత ఎందుకు విఫలమైందో అర్థంకాని తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. జవాబు నిద్ర నిర్మాణంలో ఉంది.

నవజాత శిశువుకు పగలూ రాత్రీ తెలియదు. రోజుకు 14 నుంచి 17 గంటల నిద్రను చిన్న చిన్న ముక్కలుగా పంచుకుంటుంది. పగలూ రాత్రీ తేడా రెండు మూడు నెలలకు ఏర్పడుతుంది. పెద్దవాళ్ల నిద్రలో ఒక ఆవృత్తి, అంటే తేలిక నిద్ర, గాఢ నిద్ర కలిసిన ఒక చుట్టు, గంటన్నర వరకు ఉంటే, శిశువుది 50 నుంచి 60 నిమిషాలు. ప్రతి ఆవృత్తి చివర బిడ్డ సగం మేలుకుంటుంది.

ఐదు నెలల బిడ్డ రాత్రి 9 గంటలకు బొమ్మ పాట వింటూ నిద్రపోయింది. 9:20కి బొమ్మలోని టైమరు పాటను ఆపేసింది. 9:50కి బిడ్డ సగం మేలుకుంది. నిద్రపోయేటప్పుడు ఉన్న శబ్దం ఇప్పుడు లేదు. నిద్రలోకి జారడానికి ఆ శబ్దాన్నే ఆసరాగా అలవాటు చేసుకున్న బిడ్డ పూర్తిగా లేచి ఏడుస్తుంది. నిద్ర నిపుణులు చెప్పే అనుబంధం ఇదే: ఏ పరిస్థితిలో నిద్రపోయిందో, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు అదే పరిస్థితిని బిడ్డ కోరుకుంటుంది. ఒళ్లో ఊపి నిద్రపుచ్చితే ఒళ్లు కావాలి. పాలు తాగుతూ నిద్రపోతే పాలు కావాలి.

దీనికి తయారీదార్లు కనిపెట్టిన పరిష్కారాలు రెండు. ఒకటి రాత్రంతా మోగడం. దానితో పైన చెప్పిన శబ్దం లెక్క మళ్లీ ముందుకొస్తుంది. రెండోది ఏడుపు వినగానే మళ్లీ మోగడం. ఇది తెలివైన ఏర్పాటే అయినా ఒక లోటు ఉంది. ఐదు నెలల లోపు బిడ్డ రాత్రి మేలుకోవడం చాలాసార్లు ఆకలితో. ఆ ఏడుపుకు మొదట జవాబు చెప్పాల్సింది పాలిచ్చే మనిషి. పైగా తేలిగ్గా మేలుకోగలగడం ఆ నెలల్లో బిడ్డకు రక్షణ అని కూడా వైద్యులు భావిస్తారు. రాత్రి మెలకువలు పూర్తిగా పోవడమే విజయమని చెప్పే ప్రకటనలు ఈ సంగతి చెప్పవు.

ఎత్తుకుని నడవడం గురించి ఒక మాట. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ వాళ్లు 2022లో 21 మంది శిశువులను గమనించి, ఐదు నిమిషాలు ఎత్తుకుని నడిస్తే ఏడుపు తగ్గి దాదాపు సగం మంది నిద్రపోయారనీ, నిద్రపోయాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే కూర్చోబెట్టుకుంటే పక్క మీద వేసినప్పుడు మేలుకోవడం తగ్గిందనీ రాశారు. కదలికకు ఉన్న ఈ ప్రభావాన్ని ఏ స్పీకరూ ఇవ్వలేదు.

ఏడాది దాటాక బొమ్మ పాత్ర మారుతుంది

బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1950ల తొలి నాళ్లలో ఒక సంగతిని శ్రద్ధగా వర్ణించారు. చాలామంది పిల్లలు ఒక దుప్పటి కొసనో, మెత్తటి బొమ్మనో ఎంచుకుని దాన్ని విడవరు. తల్లి గదిలో లేని సమయంలో ఆ వస్తువు పట్టుకుని నిబ్బరంగా ఉంటారు. దీన్ని బలహీనతగా కాక ఎదుగుదలలో మామూలు మెట్టుగా ఆయన చూశారు. అన్ని సమాజాల్లో ఇది ఒకేలా కనిపించదు. తల్లి పక్కనే పడుకునే పిల్లల్లో ఇలాంటి వస్తువు మీద పట్టుదల తక్కువగా ఉంటుందన్న పరిశీలనలు ఉన్నాయి. కాబట్టి మన ఇళ్లలో బిడ్డ బొమ్మను పట్టించుకోకుండా అమ్మ కొంగు పట్టుకుని పడుకుంటే కంగారుపడాల్సినది ఏమీ లేదు.

ఏడాది నిండి, స్వేచ్ఛగా దొర్లి, ముఖం మీది వస్తువును తానే తీసేయగల బిడ్డ పక్కలో మెత్తటి బొమ్మ ఉండటాన్ని వైద్యులు తప్పుపట్టరు. ఈ వయసులో చూడాల్సినవి మారతాయి. బొత్తాం ఇప్పుడు బిడ్డే నొక్కుతుంది, స్పీకరును చెవికి ఆనించుకుంటుంది. కాబట్టి దూరాన్ని నమ్ముకుని పెట్టిన శబ్ద స్థాయి ఇక చెల్లదు. బ్యాటరీ గది స్క్రూతో బిగించి ఉందా అన్నది ముఖ్యం. గుండ్రటి బొత్తాం బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. ఈ ముప్పు వల్లే అమెరికా 2022లో అలాంటి బ్యాటరీల గదులు పిల్లలు తెరవలేని విధంగా ఉండాలని ప్రత్యేక చట్టం చేసింది. స్పీకరు పెట్టెను జిప్పు తీసి బయటికి తీయగలిగే బొమ్మలైతే ఈ వయసు నుంచి ఆ పెట్టె లేకుండానే బిడ్డకు ఇవ్వవచ్చు. ఉతకడానికీ ఆ ఏర్పాటే వీలు.